ఖాళీ గడిలో సున్న

బేతంచెర్ల,
16 జనవరి 2005

లేవీకి,

మీ అక్క విశ్వాసమ్మ పక్కనే కూచోనుండాది. “వాడు వేళకు తింటాండాడో లేదో మొదలు అది అడుగు” అంటాంది. అడిగినా. ఇంగ నా మాట విను.

మా గనికి కొత్త మేనేజరు వచ్చినాడు, రాఘవేంద్రప్రసాద్ అని. వచ్చీ రాగానే కంప్యూటరు కొనిపించినాడు. దాంట్లో గని పని అంతా రాసే ప్రోగ్రాము కావాలంట. మా బామ్మర్ది కడపలో మందుల షాపులకు బిల్లుల ప్రోగ్రాములు రాస్తాడు సార్ అన్నా. “యాడ చదివినాడు?” అన్నాడు. ఇంటరు తప్పినాడు సార్, పుస్తకాలు చూసి సొంతంగా నేర్చినాడు, మాట్లాడడం ఒక్కటే నేర్చుకోలేదు అన్నా. నవ్వినాడు. రమ్మన్నాడు. గొంతు పెగల్చుకోని నాలుగు మాటలు మాట్లాడు నాయనా, నా పరువు పోతాది.

రాసే ముందు మా పని నీకు తెలియాల. పాలిష్ బండ కింద ఉంటాది, దాని మీద పనికిరాని రాయి. ఆ పై రాయిని మెట్లు మెట్లుగా పేల్చి తీస్తాం, ఒక్కో మెట్టును బెంచి అంటాం. హనుమన్న డ్రిల్లుతో రంధ్రాలు వేస్తాడు, నేను మందు కూరి పేలుస్తా. ఇరవై కూరితే ఒక్కోసారి పద్దెనిమిదే పేలతాయి. ఆ రెండూ లోపల నిద్రపోతాంటాయి. మర్నాడు వాటి పక్కన డ్రిల్లు పెడితే లేస్తాయి. డ్రిల్లు పట్టుకున్నోడు మిగలడు.

అందుకే పొగ పోయినాక ఒక్కొక్క రంధ్రం నేనే చూస్తా. పేలని దాని పక్కన ఎర్రగుడ్డ కట్టిన కట్టె నాటుతా. నోటుబుక్కులో ఎన్ని పేలలేదో రాసి, కింద నా పేరు రాస్తా. అన్నీ పేలింటే సున్న. వాన వచ్చో, పొద్దు గూకో చూడలేకపోతే గడి ఖాళీగా ఇడుస్తా, పేరు కూడా రాయను. మా నాయన నేర్పిన పద్ధతి ఇది. సున్న అంటే కళ్లతో చూసొచ్చినట్టు. ఖాళీ అంటే ఆ బెంచి మీద కాలు పెట్టొద్దని.

హనుమన్నకు చదువు రాదు. నా పేరు మాత్రం గుర్తుపడతాడు, నేనే నేర్పిచ్చినా. అది కనబడందే డ్రిల్లు ముట్టడు. “నీ పేరు నాకు తాయెత్తు జ్ఞానన్నా” అంటాడు.

ఆఫీసుకు ఫోన్ చేయొద్దు, అది మేనేజరు బల్ల మీదుంటాది. జాబు రాయి.

మీ బావ
జ్ఞానరాజు

~

కడప,
13 ఫిబ్రవరి 2005

బావకు, అక్కకు వందనాలు.

వేళకే తింటున్నాను. మేనేజరుతో నాలుగు మాటలు మాట్లాడాను, లెక్కపెట్టుకున్నాను కూడా.

ప్రోగ్రాము అయింది. జావా అనే భాషలో రాశాను. రోజుకొక కాగితం వస్తుంది. ఏ బెంచి, ఎన్ని రంధ్రాలు, ఎన్ని పేలలేదు, చూసినవారు ఎవరు అని నాలుగు గడులు. పొద్దున్నే ప్రింటు తీసి హనుమన్న చేతికి ఇవ్వాలి.

ఒక సంగతి నీకు నచ్చుతుంది. మీ మందు గదికి రెండు తాళాలుంటాయనీ, ఒక తాళంచెవి నీ దగ్గరే ఉంటుందనీ చెప్పేవాడివి. ఈ భాషలోనూ అలాంటిది ఉంది. ఒక గడికి ముందు ‘ప్రైవేట్’ అని రాస్తే బయటివాళ్లెవరూ దాన్ని ముట్టుకోలేరు. మనం పెట్టిన ద్వారం గుండానే రావాలి. ‘పేలనివి’ అనే గడిని అలా మూశాను. ద్వారానికి నీ రహస్యపదం పెట్టాను. నువ్వు అది కొట్టి అంకె వేస్తే తప్ప ఆ రోజు కాగితం ప్రింటు కాదు. మేనేజరు కూర్చున్నా కాదు, నేను కూర్చున్నా కాదు.

నువ్వు ఒక్క వేలితో కొడతావని అక్క చెప్పింది. నీకు శ్రమ తగ్గేలా కొన్ని చోట్ల ముందే నింపి ఉంచాను.

నేను కూడా రోజూ చేసిన పని ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. నిన్ను చూసి అలవాటైంది.

లేవి

~

బేతంచెర్ల,
20 మార్చి 2005

లేవీకి,

నీ ప్రోగ్రాము వచ్చినప్పట్నుంచి గనిలో నాకు శానా పేరొచ్చిండాది. “కంప్యూటరు బావ” అంటాండారు. హనుమన్న అయితే, “అన్నా, నీ పేరు అచ్చులో శానా అందంగా ఉండాది, రాతలో కోడి గెలికినట్టు ఉండె” అన్నాడు. ముండ్లపంది మెచ్చుకున్నట్టు మెచ్చుకుంటాడు వాడు, గుచ్చకుండా ఉండలేడు.

మేనేజరు నా నోటుబుక్కు తీసుకున్నాడు. “రెండు పుస్తకాలుంటే రెండు నిజాలుంటాయి జ్ఞానరాజూ” అన్నాడు. ఎర్రగుడ్డల కట్టెలు కూడా నాటొద్దంట. బండలు కొనేవాళ్లు బెంగుళూరు నుంచి కార్లలో వస్తాండారు, చూసి జడుసుకుంటారంట. నేను మీ అక్క పాత చీర చించి చేసిన గుడ్డలు అవి. దానికి నెల దినాలు తిట్లు తిన్నా. ఇప్పుడు ఊరికే తిన్నట్టయింది.

అదిట్లుండనీ, ఒకటి అడగాల. పోయిన గురువారం పొద్దు గూకింది, నేను మూడో బెంచి చూడలేకపోయినా. ఆఫీసుకు పోయి, గుమాస్తా ఉరుకుందును గడి ఖాళీగా ఇడవమన్నా. “ఖాళీ యాడుండాది, సున్న ఉండాది కదా” అన్నాడు. చెరపమన్నా. చెరిపినాడు. మళ్లీ తెరిస్తే మళ్లీ సున్న. నేను చూడని సున్న. శుక్రవారం తెల్లారకముందే పరిగెత్తి పోయి బెంచి చూసొచ్చినా కాబట్టి సరిపోయె.

ఖాళీ ఎట్ల పెట్టాలో రాయి.

జ్ఞానరాజు

~

కడప,
28 మార్చి 2005

బావకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

తప్పు నాది. ఈ భాషలో ఒక చిన్న పనికోసం గడి పెట్టుకుని విలువ ఇవ్వకుండా వాడబోతే, తప్పు అని చెప్పి ప్రోగ్రామునే ఆపేస్తుంది. ఎక్కడైనా అలాగే ఆపుతుందనుకున్నాను. కానీ ‘క్లాసు’ అని ఈ భాషలో ఒక పెద్ద చట్రం ఉంటుంది, దాంట్లో పెట్టిన గడికి విలువ చెప్పకపోతే ఆపదు. తనంతట తానే సున్న పెట్టుకుంటుంది. అడగదు, చెప్పదు. నా దగ్గరున్న పుస్తకం పాతది, మధ్యలో కొన్ని పేజీలు లేవు. అది సాకు కాదు.

నువ్వు జనవరిలోనే రాశావు, సున్న వేరు, ఖాళీ వేరు అని. నేను గడులే చూశాను.

సరిచేస్తున్నాను. ఇకనుంచి ప్రతి గడి ‘చూడలేదు’ అని మొదలవుతుంది. నువ్వు అంకె వేస్తేనే మారుతుంది. ఫ్లాపీ మేనేజరుకు పంపుతాను.

అంతవరకు కట్టెలు నాటు బావా. ఎవరేమన్నా నాటు.

లేవి

~

బేతంచెర్ల,
4 మే 2005

లేవీకి,

నీ ఫ్లాపీ వచ్చినాక రెండు దినాలు కాగితంలో ‘చూడలేదు’ అని వచ్చె. నేను పోయి చూసొచ్చి అంకె వేసేసరికి తొమ్మిదయ్యె. మేనేజరు గడియారం చూసుకుంటా తిరిగినాడు. మూడో దినం నుంచి మళ్లీ సున్న వస్తాంది. ఉరుకుందును అడిగితే “నాకేం తెలుసప్పా, తెరిస్తే ఏముంటే అదే ప్రింటు తీస్తాండా” అన్నాడు.

నా రహస్యపదం కూడా అడగడం లేదు ఇప్పుడు. నువ్వు తీసేసినావా?

ఇంగొకటి. నవ్వొచ్చే సంగతే గానీ నాకు నవ్వు రాలేదు. పోయిన ఆదివారం గనికి సెలవు. నేను, మీ అక్క పొద్దున్నుంచి చర్చిలోనే ఉంటిమి. సోమవారం ఆఫీసులో ఆదివారం కాగితం కనబడె. ఉరుకుందు మిషను సరిగా ఉండాదా లేదా చూడాలని తీసినాడంట. దాంట్లో, పేలనివి సున్న. చూసినవారు, డి. జ్ఞానరాజు.

హనుమన్న నా కాళ్లకు మొక్కినాడు. “ఆడ మోకాళ్ల మీదుంటివి, ఈడ బెంచి మీదుంటివి. రెండు చోట్ల ఉండేవాడు దేవుడొక్కడే జ్ఞానన్నా, ఇన్నాళ్లూ నిన్ను ‘రేయ్’ అనకుండా మంచి పని చేసినా” అన్నాడు. అందరూ నవ్వినారు.

నేను కొట్టని పేరు ఆడికి ఎట్ల వచ్చింది లేవీ? మీ అక్కకు చెప్పలేదు. నువ్వు చెప్పేదాకా ఎవరికీ చెప్పను.

జ్ఞానరాజు

~

కడప,
12 మే 2005

బావకు,

ఎండలు ఎక్కువగా ఉన్నాయి. కరెంటు పగలంతా ఉండటం లేదు.

ఆదివారం కాగితం గురించి అడిగావు. గుమాస్తా తేదీ తప్పుగా కొట్టి ఉంటాడు. శనివారంది ఆదివారంగా వచ్చి ఉంటుంది. చూస్తాను.

మిగతావి కూడా చూస్తాను. మేనేజరుతో మాట్లాడాలి.

కంటిలో దుమ్ముపడి నీరు కారుతోందని అక్క రాసింది. కర్నూలు వెళ్లి చూపించుకో.

లేవి

~

కర్నూలు, పెద్దాసుపత్రి,
22 జూన్ 2005, బుధవారం

లేవీకి,

నీ మాట విని కంటికి చూపించుకోడానికి వచ్చినా. కంట్లో మందేసి రెండు గంటలు బెంచీ మీద కూచోమన్నారు. ఒంటికంటితో రాస్తాండా. అక్షరాలు వంకరపోతే హనుమన్న మాదిరి కోడి గెలికినట్టు అనొద్దు.

నువ్వు ‘చూస్తాను’ అని రాసి నలభై దినాలయింది. నిన్ను తప్పు పట్టడంలే. మాట తక్కువోడివి, పని ఎక్కువుంటాదిలే అనుకుంటాండా.

నిన్న సాయంత్రం మూడో బెంచిలో ఇరవైరెండు పేల్చినా. పొగ పోకముందే వాన దిగె. గంట సేపు దంచింది. రంధ్రాల్లో నీళ్లు నిండె, ఏది పేలిందో ఏది లేదో కనబడలే. పేలుడు చప్పుడు కూడా నాకు నచ్చలే, మధ్యలో ఎక్కడో తేడా వచ్చిండాది. ఈ డాక్టరు దగ్గర మళ్లీ వంతు దొరకాలంటే నెల పడతాది, అందుకే పొద్దున ఐదు గంటల రైలుకు బయల్దేరినా. హనుమన్న నిన్న మధ్యాన్నమే ఇంటికి పోయిండె, వాడి పల్లె దూరం, రాత్రి పోయి చెప్పే వీలు లేకపోయె. కట్టెలు నాటనీలేదు కదా. అయినా ఏం భయం లేదు, ఆదివారం కాగితం తేదీ తప్పేనని నువ్వే రాసినావు కదా, ఎవరో కొట్టందే నా పేరు రాదు. రాత్రే ఉరుకుందు ఇంటికి పోయి చీటీ రాసిచ్చినా, “మూడో బెంచి నేను చూడలేదు. గడి ఖాళీగా ఇడువు. నా పేరు వేయొద్దు” అని. “అట్లనే అన్నా, నేను ఆ గడి ముట్టనే ముట్టను” అని ఒట్టేసినాడు.

పేరు లేని కాగితం చూసి హనుమన్న డ్రిల్లు పట్టడు. ఈపొద్దు ఒక దినం కూచోని బీడీలు కాలుస్తాడు. సాయంత్రం నేను పోయి చూస్తా.

పేరు పిలుస్తాండారు. ఉంటా.

జ్ఞానరాజు

~

కడప,
25 జూన్ 2005

బావా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఆఫీసుకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు.

గడి ముట్టుకోకుండా వదిలితే ఖాళీగా ఉండదు. ముట్టుకోకపోతేనే అది నిండుతుంది. సున్న వస్తుంది, దాని కింద నీ పేరు వస్తుంది. కాగితం చూడవద్దని హనుమన్నకు చెప్పు. మూడో బెంచి దగ్గరికి ఎవరినీ పోనివ్వకు.

ఇది అందేసరికి నువ్వు వెళ్లి చూసి ఉంటావు. అలాగే జరిగి ఉంటుంది.

వెంటనే రెండు మాటలు రాయి.

లేవి

~

బేతంచెర్ల,
30 జూన్ 2005

శ్రీ లేవి గారికి,

నేను కర్నూలు పోయిన బుధవారం పొద్దున ఏడు గంటలకు హనుమన్న ఆఫీసుకు వచ్చినాడు. “జ్ఞానన్న కంటికి పోయినాడంట కదా, మూడో బెంచి చూసినాడా?” అని అడిగినాడు. ఉరుకుందు కాగితం ఇచ్చినాడు. హనుమన్న దాన్ని తిప్పి తిప్పి చూసి, పేరు మీద వేలు పెట్టి, “ఇది నా అన్న పేరే కదా” అన్నాడు. అవునన్నారు. “పోయేముందు చూసే పోయినాడు, మాట తప్పడు” అని డ్రిల్లు భుజానేసుకోని పోయినాడు. మళ్లీ రాలేదు. ఇవన్నీ ఉరుకుందు ఏడుస్తా చెప్పినాడు. వాడు ఒట్టు తప్పలేదు. ఆ గడి ముట్టనే లేదు.

నేను సాయంత్రం రైలు దిగేసరికి స్టేషనులో మనుషులు నాకోసం నిలబడిండారు. నాకు చెప్పడానికి కాదు. నన్ను అడగడానికి. హనుమన్న పెండ్లాం నా చొక్కా పట్టుకోని, “చూడకుండా నీ పేరు ఎట్ల రాస్తివన్నా?” అనింది.

ఆ కాగితం పోలీసుల దగ్గరుండాది. గనుల తనిఖీ అధికారి వచ్చి పోయినాడు. సున్న ఉండాది, పేరుండాది, నీ నిర్లక్ష్యమే కదా అన్నాడు. ఉరుకుందుకు ఇచ్చిన చీటీ గురించి చెప్పినా. ఆ చీటీ మేనేజరు తీసుకున్నాడంట, ఇప్పుడు లేదంట. నోటుబుక్కు కూడా లేదు. పదకొండో తేదీ నంద్యాలకు రమ్మన్నారు. ఇంగ ఇంటికి పంపరని ఉరుకుందు గుసగుసగా చెప్పినాడు.

మీ అక్క అన్నం తినడం లేదు. “నా తమ్ముడు చేసిన మిషను అబద్ధం చెప్పదు, నువ్వే ఎప్పుడో నొక్కింటావు” అంటాంది.

మే నెలలో మిమ్మల్ని ఒక మాట అడిగినా. అదే మళ్లీ అడుగుతాండా. నేను కొట్టని పేరు ఆడికి ఎట్ల వచ్చింది? నోటితో వద్దు. కాగితం మీద రాయండి.

డి. జ్ఞానరాజు

~

కడప,
4 జూలై 2005

బావకు,

కాగితం మీద రాస్తున్నాను. ఎవరికి కావాలంటే వాళ్లకు చూపించు.

నీ పేరు నేనే పెట్టాను. ‘చూసినవారు’ అనే గడికి ఏమీ చెప్పకుండా వదిలితే అది నిజంగానే ఖాళీగా ఉండేది. ఆ ఒక్క గడి ఖాళీగా ఉండగలిగేది. హనుమన్న దాన్ని చూసి ఆగేవాడు. రోజూ నీ పేరు ఒక్క వేలితో కొట్టడం నీకు కష్టమని, ఆ గడి నీ పేరుతోనే పుట్టేలా రాశాను. కొత్త కాగితం ఎవరు తెరిచినా, ఏమీ ముట్టుకోకపోయినా, సున్నా, నీ పేరూ దాంట్లో ముందే ఉంటాయి. ఆదివారం కాగితం తేదీ తప్పు కాదు. నీ ఉత్తరం చదివిన నిమిషంలోనే నాకు అర్థమైంది. నీకు అబద్ధం రాశాను.

రహస్యపదం ఏమైందని అడిగావు. మార్చి మొదట్లో మేనేజరు ఇక్కడికి ఫోన్ చేశాడు. నువ్వు లేని పూట కాగితం రావడం లేదని, తనకూ తలుపు తీయమని అన్నాడు. ‘ప్రైవేట్’ కొట్టేసి ‘పబ్లిక్’ అని రాశాను. ఒక్క మాట మార్చడం, ద్వారం తీసేయడం. పావుగంట పని. ఏప్రిల్‌లో మళ్లీ ఫోన్ చేశాడు. ‘చూడలేదు’ అని వస్తుంటే డ్రిల్లుకు గాలి ఇచ్చే కంప్రెసరు రెండు గంటలు ఊరికే ఉంటోందని, పాతదే పంపమని అన్నాడు. అది ఎందుకు ప్రమాదమో నాకు తెలుసు. చెప్పాలనుకున్నాను. “లైన్లో ఉన్నావా అప్పా?” అన్నాడు. సరే అన్నాను.

మొన్న శనివారం మేనేజరు నా గదికి వచ్చాడు. చెప్పులు బయటే విడిచి, చాప మీద కూర్చున్నాడు. ఎప్పుడూ అలా కూర్చోలేదు. “కాగితంలో పేరు మీ బావది. ప్రోగ్రాము నీది. నువ్వు నోరు తెరిస్తే మీ బావ బయటికి వస్తాడో లేదో గానీ నువ్వు లోపలికి పోతావు. నిన్ను అబద్ధం ఆడమనడం లేదప్పా. మాట్లాడకుండా ఉండు, చాలు. నీకు అలవాటే కదా” అన్నాడు. పోతూ పోతూ మంచినీళ్లు అడిగి తాగాడు.

అలవాటే. అందుకే రాస్తున్నాను.

ప్రోగ్రాము మొత్తం ప్రింటు తీశాను, మొదట రాసిందీ, మార్చిందీ. నీ పేరున్న పంక్తి కింద గీత గీశాను. నా రోజువారీ పుస్తకం కూడా తెస్తున్నాను. గురువారం నంద్యాల మీదుగా వస్తాను. స్టేషనుకు రావద్దు. నేరుగా తనిఖీ అధికారి దగ్గరికి వెళ్తాను, తర్వాత హనుమన్న ఇంటికి. ఆ తర్వాత నన్ను పంపిస్తే, మీ ఇంటికి వస్తాను. అక్కకు మిషను గురించి నేనే చెప్తాను, నువ్వు చెప్పవద్దు.

పుస్తకంలో ఏ పుటా చింపలేదు. చూపించాల్సినవి ఇవి.

ఫిబ్రవరి 11, శుక్రవారం. గని ప్రోగ్రాములో బావ పేరు ముందే పెట్టాను. బావకు టైపింగు తప్పుతుంది.

మార్చి 9, బుధవారం. మేనేజరు ఫోన్. పబ్లిక్ చేశాను. బావకు రాయలేదు.

ఏప్రిల్ 14, గురువారం. పాత ప్రోగ్రాము మళ్లీ పంపాను. బావకు రాయలేదు.

మే 9, సోమవారం. బావ ఉత్తరం. పేరు ఎలా వచ్చిందని అడిగాడు. జవాబు రేపు రాయాలి.

జూన్ 22, బుధవారం. చినుకులు. పని ఏమీ లేదు.

లేవి